వంట మాస్టరు మింగలేకపోయిన ముద్ద

సిరిసిల్లలో పదకొండేళ్ళు పనిచేసిన తరువాత నన్ను జగిత్యాలలోని ఒక ఆసుపత్రికి బదిలీ చేశారు. కరోనా వార్డులు ఎత్తేసి, ఆసుపత్రులు మళ్ళీ మామూలు రోగులతో నిండడం మొదలైన ఏడాది అది. నా హోదా డైటీషియన్. ఈ ఉద్యోగం గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు కనుక రెండు మాటల్లో చెబుతాను. వార్డులో ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి మాంసకృత్తులు పెంచాలి, ఎవరికి ద్రవాహారం మాత్రమే ఇవ్వాలి అన్నది కేస్ షీటులో ఆహారం గడిలో రాసి, వంటగది నుంచి ఆ ప్రకారమే వచ్చేలా చూడడం సగం పని. బయటి రోగులను కూర్చోబెట్టుకుని ఇంట్లో ఏం వండుకోవాలో చెప్పడం మిగతా సగం. పక్కనే ఉండే మందుల గడిలో ఒక్క అక్షరం రాసే అధికారం నాకు లేదు.

శంకర్ నా గదికి మొదటిసారి వచ్చింది ఆ ఏడు ఎండలు ముదరకముందే. ఊరు కోరుట్ల, వయసు నలభై నాలుగు. తాతతండ్రులు తాళ్ళెక్కి కల్లు గీసినవాళ్ళు. అతను మాత్రం చిన్నప్పుడే గంటె పట్టి పెళ్ళి వంటల మాస్టరు అయ్యాడు. కోరుట్ల నుంచి ధర్మపురి దాకా వెయ్యి మందికి బగారన్నం, మటన్ వండాలంటే అతన్నే పిలిచేవారు. రోజంతా గాడిపొయ్యి దగ్గర నిలబడడం, రుచి చూడడం, అర్ధరాత్రి మిగిలింది తినడం. బరువు నూట ముప్పై కిలోలు దాటింది. మోకాళ్ళు పట్టేశాయి, నిద్రలో ఊపిరి ఆగిపోయేది. చివరికి నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళి పొట్టకు బ్యాండ్ వేయించుకున్నాడు.

బ్యాండ్ అంటే జీర్ణాశయం పైభాగం చుట్టూ తొడిగే మెత్తటి పట్టీ. దానివల్ల పైన చిన్న తిత్తిలాంటి భాగం ఏర్పడుతుంది. నాలుగు చెంచాల ఆహారానికే అది నిండి, కడుపు నిండినట్టు అనిపిస్తుంది. పట్టీ నుంచి ఒక సన్నటి గొట్టం వచ్చి పొట్ట చర్మం కింద చిన్న బిళ్ళకు కలుస్తుంది. ఆ బిళ్ళలోకి సూదితో ఉప్పునీరు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. ఆపరేషన్ ఒక్కరోజు పని. ఆ తరువాత ఏం తినాలో ఎంచుకోవడం మాత్రం జీవితమంతా ఉండే పని.

అతన్ని నా దగ్గరకు తెచ్చింది భార్య పద్మ. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. ఆమె తల్లి షుగరు వ్యాధికి ఏళ్ళ తరబడి నా దగ్గరకే వచ్చేది. నగరంలో ఇచ్చిన ఆహార పట్టికను పద్మ నా బల్ల మీద పరిచింది. అంతా ఇంగ్లీషు. ఓట్‌మీల్, కాటేజ్ చీజ్, క్రాకర్స్, టూనా.

"గీ టూనా అంటే ఏంది మేడం? కోరుట్లల దొరుకుతదా?" అని అడిగింది.

ఆ కాగితం పక్కన పెట్టి తెల్ల కాగితం తీసుకున్నాను. మొదటి రెండు వారాలు నీళ్ళలా జారేవే: పలుచటి మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు, పలుచటి రాగిజావ. తరువాత రెండు వారాలు మెత్తగా మిక్సీ పట్టినవి. ఆ తరువాత మెత్తటి అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప. రొట్టె, మటన్ తునకలు, కొబ్బరి, మునక్కాయ చాలాకాలం దాకా వద్దు. చిటికెన వేలి గోరంత ముద్ద, ఇరవైసార్లు నమలడం. తింటూ నీళ్ళు తాగకూడదు. విటమిన్ మాత్ర రోజూ తప్పకూడదు. అన్నీ తెలుగులో, ఇంట్లో ఉండే పాత్రల కొలతల్లో రాసిచ్చాను. ఇంత చక్కగా ఎవరు రాసిస్తారులే అని మనసులో అనుకున్నాను కూడా.

నెలన్నరకు నగరంలో మొదటిసారి బ్యాండు బిగించారు. మరికొన్ని వారాలకు రెండోసారి. రెండోసారి బిగించిన పది రోజులకు శంకర్ నా దగ్గరకు వచ్చాడు. తూకం యంత్రం మీద నిలబెడితే రెండోసారి బిగించిన రోజుకన్నా తొమ్మిది కిలోలు తక్కువ చూపించింది. ఏం తింటున్నావని అడిగాను.

"మీరు రాసిచ్చినయే మేడం. అన్ని తింటున్న. ఏం తక్లీఫ్ లేదు."

పద్మ ఏదో చెప్పబోయింది. అతను ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆ చూపు నేను చూశాను. బయట బెంచీల మీద ఇరవైమంది దాకా ఉన్నారు. రిజిస్టరులో "పురోగతి చాలా బాగుంది" అని రాసి, శభాష్ అని భుజం తట్టి పంపించాను. పది రోజుల్లో అంత బరువు తగ్గడం మంచికి గుర్తు కాదని నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా, అంకె దిగింది కదా అని సంతోషపడ్డాను.

మూడు వారాల తరువాత, ఒక ఉదయం పదకొండు గంటలప్పుడు వార్డు రౌండ్లలో ఉండగా పద్మ ఫోన్ చేసింది. ఆమె వెనుక బ్యాండుమేళం మోత. సిరిసిల్లలో ఒక ఫంక్షన్ హాలు నుంచి మాట్లాడుతోంది. శంకర్ అక్కడ పెళ్ళి వంటకు వెళ్ళాడు. అతని ఒంట్లో బాగుండడం లేదని ఆమె కూడా వెంట వెళ్ళింది.

"మేడం, ఈయనకు ఏమైందో ఏమో. ఒక్క గంటె రెండు లెక్క కనవడుతున్నదంట. నడుస్తుంటే తూలుతున్నడు. ఏమడిగినా ఏందో చెప్తుండు. అందరు కల్లు తాగిండని నవ్వుతున్నరు. సుక్క ముట్టలే మేడం, నా పిల్లల మీద ఒట్టు."

నేను వెంటనే అడిగిన ప్రశ్న, మూడు వారాల కిందట అడగవలసింది. "తిన్నది కడుపులో నిలుస్తోందా?"

ఆమె ఏడుపు గొంతుతో చెప్పింది. "నెల కావొస్తుంది మేడం. ఏ బుక్క వెట్టినా కక్కుడే. గంజినీళ్ళు, చక్కెర చాయ, గంతే. గోలీలు గూడ గొంతుల పడ్తున్నయని బంద్ చేసిండు. మీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టించుకున్నడు."

థయమిన్ అని ఒక విటమిన్ ఉంది, బి వన్ అంటారు. ఒంట్లో దాని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. తెల్ల బియ్యం గంజిలో అది దాదాపు ఉండదు, చక్కెరలో అసలే ఉండదు. నిల్వ అయిపోతే దెబ్బ పడేది మెదడు మీద. చూపు రెండుగా చీలడం, అడుగు తడబడడం, మాట పొంతన తప్పడం, ఈ మూడూ దాని గుర్తులు. వేళకు సూది మందు పడితే మనిషి తేరుకుంటాడు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగిరాదు, ఒక్కోసారి మనిషే దక్కడు. అన్నిటికన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. అలాంటి మనిషికి ముందు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, ఆ గ్లూకోజును అరిగించుకోవడానికి ఒంట్లో మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. నీరసించి వచ్చినవాడికి గ్లూకోజు పెట్టడమేమో ఏ అత్యవసర విభాగంలోనైనా చేతికి అలవాటైన పని.

ఆటో ఎక్కించి తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్ళమని పద్మకు చెప్పాను. కల్లు తాగాడని ఎవరైనా అంటే బ్యాండ్ ఆపరేషన్ సంగతి, నెల రోజుల వాంతుల సంగతి చెప్పమన్నాను. నేను సిరిసిల్లలో పనిచేసినప్పటి విజయ సిస్టర్ అక్కడే అత్యవసర విభాగంలో ఉంది. ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మా సూపరింటెండెంటు గది బయట అరగంట ఎదురుచూస్తూ మరో రెండుసార్లు చేశాను. ఆయనకు విషయం చెప్పి సగం రోజు సెలవు అడుగుతుండగా ఆమె తిరిగి ఫోన్ చేసింది.

"మేడం, మస్తు బిజీ ఉన్న. తాగి పడ్డోడు ఒకడు అచ్చిండు..."

"వంట మాస్టరా? లావుగా ఉంటాడా? పక్కన పద్మ అని భార్య ఉందా?"

"ఔ. మీకెట్ల తెలుసు?"

"సిస్టర్, గ్లూకోజు పెట్టారా?"

"బాటిల్ తగిలిచ్చిన. సూది గుచ్చిన. ఇగ విప్పుడే."

"విప్పొద్దు. డాక్టరుగారికి ఫోనివ్వు."

డ్యూటీలో ఉన్నది నాకు తెలియని యువ డాక్టరు. నా పేరు, హోదా చెప్పి, బ్యాండ్ సంగతి, వాంతుల సంగతి, గుర్తుల సంగతి వరసగా చెప్పాను. గ్లూకోజుకు ముందు థయమిన్ ఇవ్వడం గురించి ఆలోచించమన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. రోగి తూలుతున్నాడని, కల్లు అలవాటున్న ఇంటివాడని చుట్టుపక్కలవాళ్ళు చెబుతున్నారని, తలకు స్కానింగ్ తీయించే ఆలోచనలో ఉన్నానని అన్నాడు. చివర్లో, "మీరు డైటీషియన్ కదా మేడం" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉన్న సంగతే అడిగాడు.

నా దగ్గర ఇంకేం మిగిలిందని ఒక్క క్షణం వెతుక్కున్నాను.

"అవును డాక్టరుగారూ. మీకు ఆర్డరు ఇచ్చే స్థాయి నాది కాదు. కానీ ఈ రోగి నా రోగి. మూడు వారాల కిందట నేనే చూశాను. వాంతులవుతున్నాయా అని అడగలేదు. బరువు తగ్గింది చాలా బాగుంది అని నా చేత్తో రాశాను. అప్పటికే పది రోజులుగా అతనికి తిండి నిలవడం లేదు. తప్పు నాదేనని కావాలంటే రాసి సంతకం చేసి పంపిస్తాను. ఆ సీసా మాత్రం ఇప్పుడు విప్పకండి."

ఫోనులో వార్డు చప్పుడు వినిపిస్తోంది. ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. తరువాత ఆయన ఫోను కాస్త దూరంగా పెట్టి, రక్తంలో చక్కెర మళ్ళీ ఒకసారి చూడమన్నాడు. విజయ సిస్టర్ అంకె చెప్పింది. తొందరపడి గ్లూకోజు ఎక్కించవలసినంత తక్కువ ఏమీ లేదు. "థయమిన్ ఇంజెక్షన్లు స్టాకు ఉన్నాయా సిస్టర్?" అని ఆయన అడగడం, ఉన్నాయని ఆమె చెప్పడం నాకు వినిపించింది. గ్లూకోజు తీసి సెలైన్ పెట్టమన్నాడు. ముందు థయమిన్ అన్నాడు.

ఆ మందు అక్కడ సిద్ధంగా ఉండడానికి కారణం వేరు. తాగుడు మానలేక ఒళ్ళు పాడుచేసుకుని వచ్చేవాళ్ళకు అదే ఇస్తారు. పద్మ ఆ మాట ఎవరి నోటో విని, సూది పట్టుకుని వచ్చిన సిస్టర్‌కు చెయ్యి అడ్డం పెట్టిందట. "తాగుబోతులకిచ్చే సూది మా ఆయనకెందుకు? ఆయన తాగలే" అని మొండికేసిందట. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టించి, ఇది అన్నం నిలవనివాళ్ళకు కూడా ఇచ్చే మందేనని, ఇచ్చేదాకా ఆయన పక్క నుంచి కదలవద్దని చెప్పాను. అప్పుడు చెయ్యి తీసింది.

సెలవు దొరికింది. సిరిసిల్ల బస్సెక్కాను. వేములవాడ దగ్గర భక్తుల రద్దీలో బస్సు ముప్పావుగంట ఆగిపోయింది. మొక్కు తీర్చుకోవడానికి గుడికి కోడెలను తోలుకెళ్ళేవాళ్ళు, లాడ్జీల ముందు సామాన్లు దించుకునే కుటుంబాలు, ఎటూ కదలని ఆటోలు. ఆ ముప్పావుగంట నేను రెండు పనులు చేశాను. మొదట, బ్యాండ్ వేసిన సర్జన్‌ను ఫోనులో పట్టుకున్నాను. బ్యాండు మరీ బిగుసుకుని ఉంటుంది లేదా జారి ఉంటుంది, రెంటిలో ఏదైనా సరే ముందు ఉప్పునీరు మొత్తం తీసేయాలి, రోగి కదలగలిగితే ఈ రోజే పంపండి, లేదంటే కరీంనగర్‌లో తనకు తెలిసిన సర్జన్‌తో తీయిస్తాను అన్నాడు ఆయన. రెండోది, నేను రాసిచ్చిన పట్టికను మనసులో మొదటినుంచీ మళ్ళీ చదువుకోవడం. ఎక్కడ తప్పు రాశానో తెలియలేదు. తెలియకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

నేను చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. శంకర్ కళ్ళు సగం మూసుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూసి భార్యతో, "ఇద్దరు మేడంలు అచ్చిన్రు, కుర్చీలెయ్యి" అన్నాడు. పద్మ నా వైపు చూసింది. నేను నవ్వలేకపోయాను. అయితే ఉదయం తన ఊరి పేరు కూడా సరిగ్గా చెప్పలేని మనిషి అప్పటికి నన్ను గుర్తుపట్టాడు. డ్యూటీ డాక్టరు వచ్చి, కనుగుడ్ల కదలిక పొద్దుటికన్నా కాస్త నయమని చెప్పాడు. సాయంత్రానికి అంబులెన్సులో కరీంనగర్ పంపించారు. అక్కడ పొట్ట మీది బిళ్ళలో సూది గుచ్చి ఉప్పునీరు అంతా తీసేశారు. అంతకుముందు గుక్క గుక్కగా తప్ప నీళ్ళు దిగని మనిషి, తీసిన పది నిమిషాలకు అరగ్లాసు నీళ్ళు తాగి, నిలుపుకున్నాడు. బ్యాండు జారలేదు. ఒంటికి తగినదానికన్నా ఎక్కువ బిగుసుకుంది, అంతే. దాని పైన తిండి పేరుకుని ఆ భాగం వాచిపోయింది.

చూపు వారంలో కుదుటపడింది. నడక కుదుటపడడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ చీకట్లో అడుగు కాస్త వెడల్పుగా వేస్తాడు. గాడిపొయ్యి మీది నుంచి పెద్ద పాత్రలు దించే పని మాత్రం అతను మళ్ళీ చేయలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని చేయిస్తాడు.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం నేను కోరుట్లలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నిబంధనల ప్రకారం అవసరం లేదు. ఎందుకు దాచావని అతన్ని అడిగాను.

"వంటోడు మేడం నేను. వంటోనికే అన్నం ఇముడుతలేదు, కక్కుతుండని తెలిస్తే పెండ్లికి ఎవడు పిలుస్తడు? ఇంకోటి, మీకు చెప్తే బ్యాండు లూజు చేయిస్తరు. మల్ల గా లావు అయిత. మీరు శభాష్ అన్నరు గదా, గదే ఖరాబు చేసింది నన్ను. గా మాట పోతదని చెప్పలే."

నా పట్టిక తీసి ఇద్దరి ముందూ పెట్టాను. అప్పుడు అతను "మెత్తటి అన్నం" అన్న మాట మీద వేలు పెట్టాడు.

"గిది తప్పు మేడం. అన్నం మెత్తగైతే ముద్ద కడ్తది. ఎంత నమిలినా గొంతు దిగంగనె మల్ల ఒక్కటైతది, బంక లెక్క. గాడనే పడ్తది నాకు."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో మెత్తటి అన్నం అన్న మాట ఎన్ని వేల కాగితాల మీద రాసి ఉంటానో లెక్కలేదు. జ్వరం వచ్చినవాడికి, పళ్ళు లేనివాడికి అది మంచిదే. బ్యాండు దగ్గర మెత్తదనం కాదు చూడవలసింది. నమిలాక మళ్ళీ అంటుకోకుండా, విడిగా జారిపోయేది కావాలి. ఆ తేడా నాకు పుస్తకం చెప్పలేదు, చేత్తో మెతుకు పట్టి చూసి ఎంత ఉడికిందో చెప్పగలవాడు చెప్పాడు.

ఆ రోజు వాళ్ళ వంటింట్లో మూడు గంటలు కూర్చున్నాం. పద్మ వండింది. అతను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి చెప్పాడు, నేను రాశాను. పెసరపప్పు ఉత్తదే మంచిది, కందిపప్పు చిక్కబడితే గట్టిపడుతుంది. గుడ్డు పూర్తిగా ఉడికిస్తే పచ్చసొన పొడిపొడిగా అడ్డం పడుతుంది, పాలు కలిపి సన్న సెగ మీద కలియబెడితే జారుతుంది. ధర్మపురి వైపు నుంచి వచ్చే కొరమీను పలుచటి చింతపండు పులుసులో ఉడికితే పొరలు పొరలుగా విడిపోతుంది, అది అతనికి అన్నిటికన్నా బాగా నిలిచింది. జొన్న అంబలి పలుచగా ఉన్నంతవరకే. చికెన్ కైమా చేసి, అదీ నీళ్ళ పులుసులోనే. అన్నాన్ని పట్టికలో చివరికి దించాం. చాలా నెలల తరువాత, పొడిపొడిగా వార్చిన అన్నం నాలుగు చెంచాలు మొదలుపెట్టాడు. మింగలేని మాత్రల బదులు చప్పరించేవి తెప్పించాం.

ఇంకో పని చేశాను. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, నిలిచిందా అని మూడు గడులు గీసిన నోటుపుస్తకం శంకర్‌కు కాకుండా పద్మకు ఇచ్చాను. "ఒట్లు గిట్లు చెల్లవు. నిలవకపోతే ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి" అన్నాను. అతను అభ్యంతరం చెప్పలేదు. ఆమె ఆ తరువాత నాకు ఆరుసార్లు ఫోన్ చేసింది. అందులో నాలుగు కంగారుతో చేసినవి. రెండు మాత్రం అవసరమైనవి.

బ్యాండును మళ్ళీ బిగించారు, ఈసారి కొద్ది కొద్దిగా. బరువు నెమ్మదిగా తగ్గింది, అతను కోరుకున్నంత తగ్గలేదు. నేను పదవీ విరమణ చేసే నాటికి అతని తూకం నూట రెండు. నిద్రలో ఊపిరి ఆగడం పోయింది.

నా పనిలో మారినవి రెండు. ఒకటి, తూకం యంత్రాన్ని గదిలో తలుపు దగ్గర నుంచి తీయించి వెనక్కి పెట్టించాను. రోగితో, ఇంట్లో వండిపెట్టే మనిషితో విడివిడిగా మాట్లాడడం పూర్తయ్యాకే బరువు చూసేదాన్ని. మొదటి ప్రశ్న ఏం తింటున్నారని కాదు, తిన్నదాంట్లో ఏది నిలవడం లేదని. రెండోది, బరువు తగ్గినవాళ్ళను మెచ్చుకోవడం మానేశాను. ఎందుకు తగ్గిందో తెలిసేదాకా అది మంచి వార్తో చెడ్డ వార్తో డైటీషియన్‌కు తెలియదు. తెలియకుండా మెచ్చుకుంటే, మరుసటిసారి రోగి నిజం చెప్పడు.